అమ్మాయి కొలిమి దగ్గరికి వెళ్తానంటే అంత భయమెందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. పరిశ్రమల్లో వాడే బాయిలర్లు, ఫర్నేసులు, డ్రైయర్లు తక్కువ ఇంధనంతో, తక్కువ కాలుష్యంతో నడిచేలా డిజైన్ చేసే పనిలోకి వెళ్తానంటోంది. సస్టైనబిలిటీలో విదేశాల్లో ఎం.ఎస్. చేయిస్తే మంచి ఆఫీసు ఉద్యోగం వస్తుందని మా బంధువులు అంటున్నారు. ఎం.ఎస్. మంచిదా, ఇక్కడే థర్మల్‌లో ఎం.టెక్. మంచిదా, నేరుగా ఉద్యోగంలో చేరడం మంచిదా? అసలు ఆడపిల్లకు ఈ రంగం సరిపోతుందా?
– ఒక తండ్రి

జవాబు: మూడు దారులు రాసి ఏది మంచిదని అడిగారు. అసలు ప్రశ్న మాత్రం చివరి వాక్యంలో పెట్టారు. మీ ఊళ్లో బాయిల్డ్ రైస్ మిల్లులకు కొదవ లేదు. మసిపట్టిన గోడలు, ఊక దుమ్ము, చెమటతో తడిసిపోతూ బూడిద లాగే మనుషులు మీకు కొత్త కాదు. ఇన్నేళ్లు ఫీజులు కట్టి చదివించింది అమ్మాయిని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టడానికా అన్నది మీ బాధ. ఇదే బాధతో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఎం.ఎస్. సంగతి తర్వాత.

బాయిలర్ నడిపే పని వేరు, బాయిలర్‌కు రూపం ఇచ్చే పని వేరు. డిజైన్ ఇంజినీరుకు ఎక్కువ సమయం లెక్కలతో, డ్రాయింగులతో కంప్యూటర్ ముందే గడుస్తుంది. అలాగని ఫ్యాక్టరీ గడప తొక్కనవసరం లేదని మభ్యపెట్టను. యంత్రం బిగించి మొదటిసారి నడిపే రోజుల్లో సైటులో ఉండి తీరాలి. అప్పుడు వేళాపాళా ఉండదు. వసతి, రాకపోకలు ఎవరు చూసుకుంటారో చేరేముందే కంపెనీని అడగమనండి. అడిగితే ఉద్యోగం పోదు.

ప్రమాదాల భయం కూడా ఉంటుంది. 2025 జూన్ 30న పాశమైలారం కర్మాగారంలో జరిగిన పేలుడు యాభై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ వార్త చదివిన తండ్రి వెనకాడడంలో తప్పు లేదు. అయితే సేఫ్టీ వాల్వు ఎంత పీడనం దగ్గర తెరుచుకోవాలి, ఉష్ణోగ్రత హద్దు దాటితే ఏది ముందు ఆగాలి, లోపల పేలుడు జరిగితే ఆ ఒత్తిడి మనుషులు లేని వైపుకు ఎలా పోవాలి అనేవి యంత్రం కాగితం మీద ఉన్నప్పుడే తేలాల్సిన విషయాలు. ఆ కాగితం ముందు జాగ్రత్త గల మనిషి కూర్చోవాలి. అది మీ అమ్మాయి ఎందుకు కాకూడదు?

ఇక ఆ పని ఎలా ఉంటుందో మీ ఊరి మిల్లుతోనే చెబుతాను. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊకే. దాన్నే కాల్చి, ఆవిరి పట్టి, ఉప్పుడు బియ్యం చేస్తారు. పొగగొట్టంలోంచి పొగ 220 డిగ్రీల వేడితో బయటికి పోతోందనుకోండి. ఆ వేడిని గాలికి వదిలేసే బదులు బాయిలర్‌లోకి వెళ్లే నీటిని దానితో ముందే కాచుకోవచ్చు. పొగ వేడి 20 డిగ్రీలకు అటూఇటూగా తగ్గిన ప్రతిసారీ బాయిలర్ సామర్థ్యం సుమారు ఒక శాతం పెరుగుతుంది. మరి అరవై డిగ్రీల దాకా ఎందుకు దించరు? బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ వంటి గంధకం ఉన్న ఇంధనాలతో అలా చేస్తే పొగలోంచి ఆమ్లం చెమ్మగా దిగి లోహాన్ని తినేస్తుంది. ఊకలో గంధకం తక్కువే కానీ దాని బూడిదలో అత్యధిక భాగం సిలికా. అది పొగతో ఎగిరి వచ్చి ట్యూబులను అరగదీస్తుంది, సందుల్లో పేరుకుంటుంది. ట్యూబుల మధ్య ఎంత ఎడం ఉంచాలి, పొగ ఎంత వేగంతో సాగాలి, బూడిద తీసే తలుపు ఎక్కడ పెట్టాలి అనేదే మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్న విద్య. తలుపు చెయ్యి అందని చోట పెడితే బూడిద తీసిన ప్రతిసారీ ఆమెకు తిట్లు తప్పవు. మీరు జాలిగా చూస్తున్న ఆ బూడిద లాగే మనిషి దగ్గర ఆమె నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

సస్టైనబిలిటీ ఎం.ఎస్. మీద నాకు అనుమానాలు గట్టిగానే ఉన్నాయి. ఆ పేరుతో ఉన్న కోర్సులన్నీ ఒక్కటి కావు. స్టాక్‌హోంలోని కేటీహెచ్‌లో సస్టైనబుల్ ఎనర్జీ ఇంజినీరింగ్ పేరుతో నడిచేది అసలు సిసలు ఇంజినీరింగ్ చదువే. మరికొన్ని కోర్సుల్లో విధానాలు, నివేదికలు, కంపెనీల కర్బన లెక్కలే ఎక్కువ, థర్మోడైనమిక్స్ మచ్చుకైనా ఉండదు. ఆ లెక్కలకు గిరాకీ లేదనడం లేదు. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల దిగుమతులపై యూరోపియన్ యూనియన్ తెచ్చిన కర్బన సుంకం 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. మన ఎగుమతిదారులకు లెక్క రాసేవాళ్లు కావాలి. కానీ ఆ లెక్కలో అంకె తగ్గాలంటే ఎవరో ఒకరు కొలిమిని మార్చాలి. కొలిమిని మార్చగలిగిన మనిషి లెక్క రాయడం కొన్ని నెలల్లో నేర్చుకుంటుంది. లెక్క రాసే మనిషి కొలిమి నేర్చుకోవాలంటే మళ్లీ మొదటి నుంచి రావాలి.

ఇప్పుడు ఇంకో మోజు నడుస్తోంది. అన్నింటినీ కరెంటుకు మార్చేస్తే కాలుష్యం పోతుందట. ఒక యూనిట్ (కిలోవాట్ అవర్) వేడి కోసం గ్యాస్ బాయిలర్ వాడితే సుమారు పావు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇప్పటికీ ఎక్కువగా బొగ్గుతో నడిచే మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకు 0.7 కిలోల దాకా వస్తుంది. అంటే ఈ రోజు గ్యాస్ తీసేసి మామూలు కరెంటు హీటరు పెడితే కాలుష్యం దాదాపు మూడింతలు! అదే ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి అందించే హీట్ పంపు పెడితే లెక్క సరిసమానం అవుతుంది, గ్రిడ్‌లో సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ లాభంలోకి వస్తుంది. కానీ హీట్ పంపు 80, 90 డిగ్రీల వేడినీటికి పనికొచ్చినంతగా 1,450 డిగ్రీల సిమెంటు కొలిమికి పనికిరాదు. ఎక్కడ ఏది నప్పుతుందో చెప్పగలగడమే ఈ వృత్తి. పైగా చాలా ఫ్యాక్టరీల్లో ఆవిరి గొట్టాలకు సరైన కవచం ఉండదు, చల్లబడి నీరైన ఆవిరిని తిరిగి వాడుకోరు. అది సరిచేయకుండా ఇంధనం మార్చడం కారుతున్న ట్యాంకుకు సోలార్ పంపు బిగించడమే.

ఆగ్రా దగ్గరి ఫిరోజాబాద్ గాజు పరిశ్రమ సంగతి మీ అమ్మాయికి చెప్పండి. తాజ్‌మహల్ చుట్టుపక్కల బొగ్గు మానాలని 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాత బొగ్గు కొలిమికే గ్యాస్ బర్నరు తగిలిస్తే ఇంధనం వృథా అయింది. అప్పుడు టెరి అనే ఇంధన పరిశోధన సంస్థ ఇంజినీర్లు బయటికి పోయే పొగ వేడితో లోపలికి వచ్చే గాలిని కాచే కొత్త కొలిమిని అక్కడి యజమానుల మధ్యే ఉండి తయారుచేశారు. కోర్టు తీర్పు అమలుకు ఇంధనం మార్చడం చాలలేదు, కొలిమినే తిరగ రాయాల్సి వచ్చింది. అంత దూరం ఎందుకు, విశాఖ ఉక్కులో బొగ్గు నుంచి చేసే, ఎర్రగా కాలిన కోక్‌ను నీళ్లు చల్లి కాకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి, కరెంటు తీస్తారు. వీలైతే చూసి రమ్మనండి.

మీరడిగిన పోలికకు నా జవాబు చిన్నది. ముందు రెండు మూడేళ్లు ఉద్యోగం. పుణెలోని థర్మాక్స్, ఫోర్బ్స్ మార్షల్ వంటి పెద్ద కంపెనీలే అక్కర్లేదు. పటాన్‌చెరు, జీడిమెట్ల మందుల పరిశ్రమలకు బాయిలర్లు, డ్రైయర్లు సరఫరా చేసే చిన్న సంస్థ అయినా మేలే, అక్కడ అన్ని పనులూ చేతిలో పడతాయి. ఆ తర్వాత ఎన్ఐటీ వరంగల్ వంటి చోట థర్మల్‌లో ఎం.టెక్. అయినా, మంచి సిలబస్ ఉన్న ఎం.ఎస్. అయినా ఏం చదవాలో ఆమెకే తెలుస్తుంది. అనుభవం వచ్చాక బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్ (ఇంధన వాడకాన్ని తనిఖీ చేసే నిపుణులు) పరీక్ష రాయవచ్చు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లకంటే తక్కువే ఉంటుంది. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి మీకు ఇబ్బందిగా ఉంటుందేమో, ఆమెకు ఉండదు. కడుపు నిండా తినడానికి, ఎవరి మీదా ఆధారపడకుండా బతకడానికి సరిపడా వస్తుంది, పనితనంతో పాటు పెరుగుతుంది కూడా. అప్పు చేసి, ప్లాటు తాకట్టు పెట్టి, సిలబస్ చూడకుండా పేరు బాగుందని విమానం ఎక్కించడం మాత్రం వద్దు.

ఒక మాట అంటాను, కోపగించుకోవద్దు. బంధువుల మాట పట్టుకుని మూడు దారులు పోల్చారు, ఆమె ఏమంటోందో ఒక్క వాక్యంలో ముగించారు. మూడో ఏడు చదువుతున్న అమ్మాయికి ఏ పరికరం ఏం చేస్తుందో స్పష్టంగా తెలిసి ఒక పని కోరుకోవడం అరుదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఆ కోరిక ఎలా పుట్టించాలో నాకే తెలియదు. ఈ సెలవుల్లో మీకు తెలిసిన మిల్లు యజమానిని అడిగి ఆమెను బాయిలర్ గదికి పంపండి. పొగ ఎంత వేడితో పోతోంది, నీళ్లు ఎంత వేడితో లోపలికి వెళ్తున్నాయి, టన్ను ఆవిరికి ఎంత ఊక పడుతోంది అన్నవి రాసుకుని రమ్మనండి. ఆ అంకెలతో ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి. నాలుగో సంవత్సరం ఎలెక్టివ్‌గా కంబషన్ తీసుకోవాలా, హీట్ ఎక్స్ఛేంజర్ డిజైన్ తీసుకోవాలా అన్నది అప్పుడు చెబుతాను.