సేవకుడు విశ్వాసులకు మరీ దగ్గరైతే గౌరవం తగ్గుతుందా?

సంఘాన్ని నడిపించేవాడు విశ్వాసులతో కాస్త దూరం పాటించాలని, చనువిస్తే మాట వినరని మీ పెద్దలు అంటున్నారని, అది నిజమేనా అని అడిగారు. పరిచర్యకు వచ్చిన కొత్తలో నాకూ ఇదే చెప్పారు, నేనూ నమ్మాను. ఆదివారం వాక్యానికి బాగా సిద్ధపడితే చాలనుకునేవాణ్ణి.

మా సంఘంలో ఒక అక్క ఆరు వారాలు ఆరాధనకు రాలేదు. (ఆమెను అడిగే ఇది రాస్తున్నాను.) ఆ మధ్యే నేను దేవునికి సమయం ఇవ్వనివాళ్ల గురించి గట్టిగా ప్రసంగించాను. ఒక సాయంత్రం నేనూ నా భార్యా వాళ్లింటికి వెళ్లాం. భర్తకు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పాలి, రాత్రిళ్లు కూడా. మేం వెళ్లేసరికి తిప్పే వేళయింది. నేను భుజం కింద చెయ్యి పెట్టబోయాను. "అలా కాదు అయ్యగారూ, ముందు మోకాలు మడవాలి" అంది. మోకాలు మడిచి, తుంటి పట్టుకుని తిప్పి, మడతపెట్టిన దుప్పటి వీపు వెనక ఆనించాం. చేతులు కడుక్కుంటుంటే మెల్లగా అంది: "మీ ప్రసంగాలు ఫోన్‌లో వింటూనే ఉన్నాను. సమయం గురించి చెప్పింది కూడా విన్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. క్షమించమని అడిగాను. నెల ముందు ఆ మంచం పక్కన ఒక్క గంట కూర్చుని ఉంటే నా నోట ఆ ప్రసంగం వచ్చేది కాదు.

మార్కు 3:14 తీసి చూడండి. యేసు పన్నెండుమందిని ప్రకటించడానికి పంపాడు నిజమే, కానీ అంతకంటే ముందు "తనతో ఉండడానికి" అని రాసి ఉంటుంది. థెస్సలొనీక విశ్వాసులకు సువార్తతో పాటు తన ప్రాణం కూడా ఇవ్వడానికి ఇష్టపడ్డానని పౌలు రాశాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కిడర్‌మిన్‌స్టర్‌లో రిచర్డ్ బాక్స్టర్ అనే సేవకుడు, తన సహాయకుడితో కలిసి వారానికి రెండు రోజులు ఇందుకే కేటాయించి, ఏడాదికి సుమారు 800 కుటుంబాలతో విడివిడిగా కూర్చుని మాట్లాడేవాడు.

మీ పెద్దల భయంలో కొంత నిజం లేకపోలేదు. కానుకలు ఎక్కువ ఇచ్చేవాళ్ల ఇళ్లకే వెళ్తే, ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంట్లో చెప్తే గౌరవం పోతుంది, పోవాలి కూడా. పేరు చెప్పకుండా ప్రసంగంలో ఉదాహరణగా వాడినా సరే, ఆ మనిషి మళ్లీ మనసు విప్పదు. ఒంటరిగా వెళ్లకండి. అన్నీ మీరే మోయాలనీ చూడకండి. మోషే అలాగే అలసిపోతుంటే, పదిమందికి ఒకరి చొప్పున కూడా నాయకుల్ని పెట్టుకోమని మామ యిత్రో చెప్పాడు.

ఇప్పుడు ఆదివారం ఉదయం మా యువకులు ఇద్దరు ఆ ఇంటికి వెళ్తారు. మోకాలు ముందు మడవాలని వాళ్లకూ ఆమే నేర్పింది. వాళ్లు ఆయన దగ్గర ఉంటే ఆమె ఆరాధనకు వస్తుంది.