ద్రాక్షరసం మరిగించొద్దు అన్నా

అన్నా, ఇంట్లో బీరు తయారీలో చేయి తిరిగిన మీరు, వైన్ కోసం ద్రాక్షరసాన్నీ అలాగే మరిగించారు. 3 వారాలైనా తేటపడక, జామ్ వాసన వస్తోందంటే కారణం అదే. వేడికి పెక్టిన్, అంటే జామ్‌ను గట్టిపరిచే పండులోని పదార్థం, రసంలోకి దిగిపోతుంది. ఈ బ్యాచ్‌కి ఆ పెక్టిన్‌ను విడగొట్టే పెక్టినేజ్ ఎంజైమ్ వేసి చూడండి. ఆల్కహాల్‌లో అది నెమ్మదిగా పనిచేస్తుంది, టెన్షన్ పడొద్దు.

ఈసారి పచ్చి రసమే తీసుకోండి. 10 లీటర్లకు 1 గ్రాము పొటాషియం మెటాబైసల్ఫైట్ (చెడు సూక్ష్మజీవులను అణిచే పొడి) కలిపి, గుడ్డ కప్పి 24 గంటలు వదిలేయండి. ఆ తర్వాతే వైన్ ఈస్ట్. ఈస్ట్ వేసే ముందు హైడ్రోమీటర్ (రసంలో చక్కెర ఎంతుందో చెప్పే సాధనం) 1.090 దగ్గర చూపించాలి. నల్ల ద్రాక్షయితే తొక్కలు పైకి తేలి మందంగా అట్టకడతాయి. రోజుకు రెండుసార్లు లోపలికి నొక్కండి, పైన ఆరిపోతే వెనిగర్ వాసన పట్టేస్తుంది.

మన వరంగల్ ఎండల్లో ఏప్రిల్, మే వద్దే వద్దు. ఫిబ్రవరిలో ద్రాక్షా దొరుకుతుంది, గదీ చల్లగా ఉంటుంది. బీరులా నెలకే తాగేద్దామనుకోకండి, కనీసం 6 నెలలు ఆగండి.