ట్విల్ బట్ట ఎగుమతి చేస్తానన్న మా బిడ్డకు

బిడ్డా,

ఫోన్‌లో చెప్తే సగం వినవు, విన్న సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. కొలంబో ఆయన కాటన్ ట్విల్ అడిగాడు, మీటరుకు ఎంత చెప్పాలి అంటావు. రేటు సంగతి తర్వాత. ఆయన అడిగింది ఏ బట్టో ముందు కాగితం మీదకు రానీ.

"కాటన్ ట్విల్" అంటే ఏమీ చెప్పనట్టే. ఏటవాలు గీత పడే నేతంతా ట్విల్లే, జీన్స్ గుడ్డతో సహా. నువ్వు పంపే మెయిల్‌లో పడుగు 20 కౌంట్ (నూలు ఎంత సన్నమో చెప్పే అంకె), పేక 20 కౌంట్, అంగుళానికి పడుగు 108 పోగులు, పేక 56, నేత 3/1 (పడుగు మూడు పేకల మీదుగా, ఒకదాని కిందుగా) అని ఉండాలి. గీత కుడికా ఎడమకా, అంచులు పోను పన్నా, అంటే వెడల్పు ఎంత, రంగు వేశాక బరువు ఎంత, ఉతికితే ఎంత శాతం దాకా కుంచించుకుపోవచ్చు, ఇవి కూడా రాయి. రాయని ప్రతి ముక్కా రేపు ఆయన డబ్బు ఆపడానికి దొరికే సాకు.

నేను చెప్పిన ఈ 20/20 బట్టకే ఇంకో తిరకాసు ఉంది, దాని బరువు సరిగ్గా 200 గ్రాముల దగ్గర ఊగుతుంది. నూటికి 85 పాళ్లు, ఆపైన పత్తి ఉండి చదరపు మీటరుకు 200 గ్రాముల లోపైతే కస్టమ్స్ కోడ్ 5208, దాటితే 5209. గ్రే మీద, అంటే రంగు వేయని పచ్చి బట్టగా 197 తూగింది రంగు వేసి ముడుచుకున్నాక 205 కావచ్చు. ఫినిష్ అయిన ముక్కను ల్యాబ్‌లో తూపించకుండా ఇన్వాయిస్ మీద కోడ్ రాయకు. రోడ్‌టెప్ కింద, అంటే ఎగుమతిదారుకు పన్నులు తిరిగిచ్చే పథకం కింద వెనక్కి వచ్చే డబ్బు కూడా కోడ్‌ను బట్టే.

నేను మునిగింది మాత్రం మెలిక దగ్గర. ట్విల్ ఉతికితే ఓ పక్కకు తిరుగుతుంది. ప్రాసెసింగ్ వాళ్లు స్టెంటర్ (బట్టను సాగదీసి ఆరబెట్టే యంత్రం) మీదే వాలు సరిచేసి పంపాలి, నాకు చేసినవాడు చేయలేదు, నేనూ ఉతికి చూడలేదు. కొన్నాయన ప్యాంట్లు కుట్టి ఉతికిస్తే పక్క కుట్టు మోకాలి ముందుకు వచ్చి కూర్చుంది! సరుకు అప్పు మీద పంపాను కాబట్టి సగం డబ్బు ఇప్పటికీ రాలేదు. ఇప్పుడైతే ప్రతి లాట్ నుంచి ముక్క కోసి మూడుసార్లు ఉతికిస్తా, నీ పెద్దమ్మ విసుక్కున్నా సరే.

సిరిసిల్లలో మగ్గాల ఆసాములు మనవాళ్లే కదా అని అక్కడికి పరుగెత్తకు. అక్కడి సాంచాల (కరెంటు మగ్గాల) మీద ఎక్కువగా పాలిస్టరే నడుస్తుంది, పెద్ద పన్నా, గట్టి నేత కావాలంటే షటిల్ లేని మగ్గాలు చూసుకోవాలి, నేనైతే మహారాష్ట్రలో ఇచల్‌కరంజి వెళ్తా. పత్తి మన ఎనుమాముల మార్కెట్లో కుప్పలుగా ఉంది, బట్ట మాత్రం బయట నుంచి తెచ్చుకోవాలి. 2002లో ఆజంజాహి మిల్లు మూసేశాక వరంగల్ కథ ఇంతే, మెగా టెక్స్‌టైల్ పార్కులో ఏదైనా కుదిరితే చూద్దాం.

ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల నంబరు 500 రూపాయల పని, ఆన్‌లైన్‌లో అయిపోతుంది, టెక్స్‌ప్రోసిల్ (నూలు బట్టల ఎగుమతి మండలి) సభ్యత్వం, పన్ను కట్టకుండా సరుకు పంపడానికి ఇచ్చే జీఎస్టీ ఎల్‌యూటీ మీ ఆడిటర్ చూసుకుంటాడు. వాటికి టెన్షన్ వద్దు. రేటు ఎఫ్‌ఓబీ చెన్నై అని చెప్తే మాత్రం ఓడ ఎక్కేదాకా ఖర్చంతా నీదే, వరంగల్ నుంచి లారీ కిరాయి కలపడం మర్చిపోకు.

మొదటి ఆర్డర్ ఎల్‌సీ మీదే చెయ్యి, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తామని ఆయన బ్యాంకు ఇచ్చే హామీ మీద. బట్ట ఎప్పుడూ అన్నన్ని మీటర్లే రాదు, అందుకని ఎల్‌సీలో మీటర్ల ముందూ మొత్తం ముందూ రెండు చోట్లా "సుమారు" (ఇంగ్లీషులో about) అనే మాట పెట్టించు, అప్పుడు 10 శాతం అటూ ఇటూ అయినా బ్యాంకు కాగితాలు తిప్పి కొట్టదు. ఆయన మొహమాట పెట్టి అప్పు అడిగితే ఈసీజీసీ కవర్ (కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ప్రభుత్వ సంస్థ బీమా) తీసుకోకుండా ఒక్క తాను కూడా కదలనీయకు.

ఆదివారం వచ్చేటప్పుడు ఆయన పంపిన శాంపిల్ ముక్క తీసుకురా, ఉతికి ఇస్త్రీ చేసి కాదు, ఎలా వచ్చిందో అలాగే. పోగులు లెక్కపెట్టే అద్దం నా దగ్గర ఉంది.

మీ పెద్దబాపు