ఆస్కార్ నటుల అంచనా: గోల్డెన్ గ్లోబ్‌ని పక్కన పెట్టండి

బెంగళూరు మారతహళ్లిలో మీ తెలుగు బ్యాచ్ పెట్టుకునే ఆస్కార్ అంచనాల పోటీలో ప్రతిసారీ నటుల దగ్గరే పాయింట్లు పోతున్నాయన్నారు కదండీ, చిక్కంతా గోల్డెన్ గ్లోబ్‌ని నమ్ముకోవడంలోనే ఉంది. అక్కడ ఓటేసేది విలేకరులు, పైగా డ్రామాకి ఒకరు, కామెడీకి ఇంకొకరు గెలుస్తారు. ఆస్కార్‌కి ఐదుగురిని నామినేట్ చేసేది అకాడమీలోని నటులే, అందుకే ముందు నటులు ఓటేసే స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ (హాలీవుడ్ నటుల సంఘం) అవార్డుల నామినేషన్ల జాబితా తీయండి, 2026 నుంచి వీటి పేరు 'యాక్టర్ అవార్డ్స్'. దాని పక్కన బాఫ్టా (బ్రిటన్ సినిమా అవార్డులు) జాబితా పెట్టండి. రెండింట్లోనూ ఉన్న పేర్లతో మొదలుపెట్టండి.

విజేత దగ్గర మాత్రం జాగ్రత్త, అక్కడ అకాడమీ సభ్యులంతా ఓటేస్తారు, వాళ్లలో విదేశాల వాళ్లూ చాలామంది. 2025లో గిల్డ్ అవార్డు తిమోతీ షాలమేకి వస్తే బాఫ్టా, ఆస్కార్ రెండూ ఏడ్రియన్ బ్రోడీకి వెళ్లాయి. నటీమణుల్లోనూ అంతే, గిల్డ్ డెమీ మూర్‌ది, మిగతా రెండూ మైకీ మాడిసన్‌వి. అలాగని బాఫ్టాని గుడ్డిగా నమ్మొద్దు, 2023లో అది ఆస్టిన్ బట్లర్‌కి ఇచ్చినా ఆస్కార్ బ్రెండన్ ఫ్రేజర్‌కే వచ్చింది, గిల్డ్ చెప్పినట్టే.

ఇలా చీలినప్పుడు నేనైతే ఆ సినిమాకి ఉత్తమ చిత్రం రేసులో ఎంత ఊపుందో చూస్తాను, మైకీ నటించిన 'అనోరా' ఆ ఏడాది ఉత్తమ చిత్రం కూడా గెలిచింది మరి. అన్నిటికంటే ముందు, గిల్డ్, బాఫ్టా రెండూ అయ్యాకే ఎంట్రీలు తీసుకోమని మీవాళ్లకి చెప్పండి.