'జిన్ లేన్' బొమ్మలో ఆ రంపం చూశారా?

"హోగార్త్ 'జిన్ లేన్' తాగుబోతుల్ని మార్చడానికి వేసిందేనా?" అని అడిగారు. నన్నడిగితే కాదు. హోగార్త్ పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు చిత్రకారుడు. జిన్ అనే చౌక సారా లండన్ పేదల్ని ఎలా పాడుచేసిందో చూపే ఆయన అచ్చు బొమ్మే 'జిన్ లేన్'.

ఎమ్మేలో మా లెక్చరర్ "తాగుడు వల్ల నైతిక పతనం" అని మూడు లైన్లు డిక్టేట్ చేసి వదిలేశారు. బొమ్మ చూపించకుండానే! చేతికొచ్చిన జిరాక్సు కూడా బొగ్గులా ఉండేది. చాలా ఏళ్ల తర్వాత ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తుంటే మా పిన్ని వెనకనుంచి తొంగి చూసింది. అందరి కళ్లూ మెట్ల మీద కూర్చున్న ఆడమనిషి మీదకే పోతాయి. ముక్కుపొడుం డబ్బీలో వేళ్లు పెట్టుకుని, బిడ్డ చేతుల్లోంచి జారి పడిపోతున్నా ఆవిడకి పట్టదు. పిన్ని చూపు మాత్రం ఎడమ పక్క తాకట్టు కొట్టు దగ్గర ఆగింది.

"అయ్యో, రంపం కుదువ పెట్టేస్తున్నాడే! రేపు పనికి దేంతో పోతాడు?"

పక్కనే ఇంకొకావిడ వంట సామాను పట్టుకొచ్చింది. వెనక ఇళ్లు కూలుతున్నాయి, ఒకడు ఉరేసుకున్నాడు, తాకట్టు కొట్టు మాత్రం చెక్కుచెదరలేదు. దీనికి జతగా వేసిన 'బీర్ స్ట్రీట్'లో అంతా తిరగబడుతుంది. అక్కడ పాడుబడ్డ ఇల్లు తాకట్టు వ్యాపారిదే.

ఇక లెక్క చూడండి. జిన్ కొట్టు గుమ్మం మీద "ఒక పెన్నీకి మత్తు, రెండు పెన్నీలకి ఒళ్లు తెలియనంత మత్తు" అని రాసుంటుంది. 1751లో ఈ ప్రింట్ ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు. చౌకగా అమ్ముతున్నానని హోగార్త్ ప్రకటన కూడా ఇచ్చాడు. పన్నెండుసార్లు మత్తెక్కే డబ్బు పెట్టి లండన్‌లోని పేదలుండే సెయింట్ జైల్స్ పేటలో ఏ తాగుబోతు బొమ్మ కొంటాడండీ? కొన్నది షాపులవాళ్లు, యజమానులు, పెద్దమనుషులే. వాళ్లు అప్పటికే జిన్ మీద చట్టం కావాలంటున్నారు, అదే ఏడు వచ్చింది కూడా.

అసలు ఆ జిన్ ధాన్యంతో కాచేది. తమ ధాన్యానికి గిరాకీ కోసం 1690 నుంచి సారా బట్టీలను ప్రోత్సహించిన పార్లమెంటులో నిండా భూస్వాములే. బొమ్మలో బట్టీ వ్యాపారి కొట్టుంది కానీ, ఆ భూస్వామి ఎక్కడా లేడు. నాకు అదే ఒళ్లు మంట.

దూరంగా బ్లూమ్స్‌బరీ చర్చి శిఖరం కనిపిస్తుంది. దాని కొసన ఉన్నది మొదటి జార్జ్ రాజు విగ్రహం. పిన్ని దాన్ని దేవుడనుకుంది.