ముందు ఒక్క సర్వీసు లేపు

బుజ్జీ,

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే అర్థమైంది. మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరి పది రోజులైనా నీ ల్యాప్‌టాప్‌లో సర్వీసు (వెనకాల నడుస్తూ అడిగినదానికి జవాబిచ్చే ప్రోగ్రామ్) లేవడం లేదు, పక్క సీటువాళ్ళని అడగాలంటే మొహమాటం. రాత్రి అమీర్‌పేట హాస్టల్‌కి చేరాక కూడా అదే దిగులన్నావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మొదట, ఉన్న సర్వీసులన్నీ ఒకేసారి లేపడం మానెయ్. నీకు అప్పగించిన ఆ ఒక్కటీ, దానికి తప్పనిసరైన డేటాబేసూ చాలు. ఎడిటర్‌లో ప్రోగ్రామ్‌ని నడిపే పచ్చ బటన్ కూడా వద్దు. టెర్మినల్ తెరిచి నీ చేత్తో కమాండ్ కొట్టు. ఏ ఫోల్డర్ నుంచి, ఏ సెట్టింగులతో నడిపావో అప్పుడు కళ్ళెదుటే ఉంటుంది.

లేచానని లాగ్ (ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా) చెప్పినంత మాత్రాన నమ్మకు, కర్ల్‌తో అడిగి చూడు. టెర్మినల్ నుంచే సర్వీసుకి రిక్వెస్ట్ పంపి జవాబు చూపించే కమాండ్ అది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైన 1998లోనే కర్ల్ కూడా వచ్చింది. ఈరోజుకీ పొద్దున్నే నేను మొదట కొట్టే కమాండ్ అదే. మైనస్ వి పెడితే అటూ ఇటూ వెళ్ళిన హెడర్లన్నీ, అంటే రిక్వెస్ట్‌కీ జవాబుకీ ముందుండే వివరాలన్నీ, చూపిస్తుంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే మామూలుగా ఆ పోర్టులో (సర్వీసుని చేరే నంబరున్న తలుపు దగ్గర) ఎవరూ వినడం లేదని. జవాబుగా 404 కోడ్ వస్తే సగం పని అయినట్టే: ఎవరో పలికారు, నువ్వడిగిన దారే తప్పు. 503 అయితే మనిషి ఉన్నాడు, పనికి సిద్ధంగా లేడు. మూడింటికీ ఒకే మందు వెయ్యకు.

8080 పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందంటే, నిన్నటి ప్రాసెస్ ఇంకా బతికే ఉందేమో చూడు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ మైనస్ ఐ, పక్కనే కోలన్ 8080 కొడితే దాని నంబరు దొరుకుతుంది. దాన్ని ఆపడానికి మామూలు కిల్ కమాండ్ వాడు. మైనస్ 9 చివరికే ఉంచుకో, దాంతో చంపితే అది తన పని సర్దుకునే వీలు కూడా ఉండదు.

ఇక నువ్వు పంపిన స్క్రీన్‌షాట్. అసలు చిక్కు అక్కడే ఉంది. సర్వీసు ఒక డాకర్ కంటెయినర్‌లో (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే గదిలాంటిది), మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఇంకో దాంట్లో ఉన్నాయి. నువ్వేమో డేటాబేస్ చిరునామాగా లోకల్‌హోస్ట్ అని రాశావు. మీ హాస్టల్లో ‘మా గది’ అని ఎవరన్నా ఎవరి గది వాళ్ళదే కదా! కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. పోస్ట్‌గ్రెస్ ఆ గదిలో లేదు. కంపోజ్ ఫైల్లో (ఏ కంటెయినర్లు ఎలా నడవాలో రాసే ఫైల్) దానికి ‘డీబీ’ అని పేరు పెట్టారు, చిరునామాలో ఆ పేరే రాయి. పోర్టుల వరసలో 5433:5432 అని ఉంది. ఎడమవైపుది నీ ల్యాప్‌టాప్ నుంచి వచ్చేవాళ్ళకి, కంటెయినర్ల మధ్య మాత్రం 5432 వాడాలి.

ఆ ఫైల్లోనే, సర్వీసుకి ముందు డేటాబేస్ మొదలవ్వాలని చెప్పే ‘డిపెండ్స్ ఆన్’ రాశాం కదా అన్నావు. ఊరికే అలా రాస్తే డేటాబేస్ కంటెయినర్ మొదలయ్యేదాకే ఆగుతుంది, పోస్ట్‌గ్రెస్ తలుపు తీసేదాకా కాదు. దానికి హెల్త్‌చెక్ (సిద్ధంగా ఉందో లేదో మాటిమాటికీ అడిగే పరీక్ష) పెట్టి, అది హెల్తీ అయ్యాకే మొదలవ్వాలని షరతు రాయి. కంటెయినర్ 137 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆగిపోతే, మెమరీ చాలిందా అని ముందు చూడు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట ఒక ఆఫీసులో, నా మెషీనే కదా అని టేబుళ్ళన్నీ ఖాళీ చేసే స్క్రిప్ట్ నడిపాను. ప్రోగ్రామ్ సెట్టింగులుండే ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో ఉన్నది టెస్టింగ్ టీమ్ డేటాబేస్ చిరునామా. వాళ్ళ వారం పని పోయింది. ఆ సాయంత్రం వాళ్ళ సీట్ల దగ్గరికి వెళ్ళి చెప్పిన క్షణం ఇంకా గుర్తుంది. ఏదైనా చెరిపే ముందు ఆ ఫైల్ తెరిచి, చిరునామాని పైకి చదువు. పాస్‌వర్డ్‌లున్న ఆ ఫైల్‌ని గిట్‌లో (టీమంతా కోడ్ దాచుకుని పంచుకునే చోట) మాత్రం పెట్టకు.

రేపు చిరునామా మార్చి మళ్ళీ లేపి చూడు. రాకపోతే డాకర్ కంపోజ్ లాగ్స్‌లో వచ్చినదంతా కాపీ చేసి పంపు. స్క్రీన్‌షాట్‌లో పై వరసలు తెగిపోతాయి, తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆదివారం మియాపూర్ మెట్రో ఎక్కి కూకట్‌పల్లి వచ్చెయ్. ల్యాప్‌టాప్, చార్జర్ రెండూ తెచ్చుకో.

మీ పిన్ని