పెన్‌డ్రైవ్ మీద లినక్స్: అట్ట మీది వేగాన్ని నమ్మవచ్చా?

ప్రశ్న: మా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను అలాగే ఉంచి, పెన్‌డ్రైవ్ మీద డెబియన్ లినక్స్ పెట్టుకుని రోజూ వాడుకోవాలని ఉంది. ‘సెకనుకు 150 ఎంబీ’ అని అట్ట మీద రాసి ఉన్న 64 జీబీ చవక పెన్‌డ్రైవ్ ఇందుకు సరిపోతుందా?

జవాబు: లినక్స్‌ను హార్డ్‌డిస్కులోకి ఇన్‌స్టాల్ చేయడానికి మాత్రమే అయితే ఇంట్లో పడి ఉన్న ఏ పెన్‌డ్రైవ్ అయినా సరిపోయేది. డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ ఫైలు (మిగతాది ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఇన్‌స్టాలర్) 1 జీబీ లోపే ఉంటుంది, ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఫైలుకైనా 8 జీబీ చాలు. కానీ మీరు పెన్‌డ్రైవ్‌నే హార్డ్‌డిస్కుగా వాడాలనుకుంటున్నారు కనుక లెక్క పూర్తిగా మారిపోతుంది.

అట్ట మీది 150 ఎంబీ అనేది ఒక పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు, అదీ యూఎస్‌బీ 3 పోర్టులో, అందే గరిష్ఠ వేగం. ఆపరేటింగ్ సిస్టమ్ పని అలా సాగదు. బ్రౌజర్ ఊరికే తెరిచి ఉన్నా కుకీలు, క్యాష్, లాగ్‌ల పేరిట 4 కేబీ ముక్కలను డ్రైవ్‌లో ఎక్కడెక్కడో రాస్తూనే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీలో ఒకసారి రాసిన చోట నేరుగా మళ్లీ రాయడం కుదరదు. ఆ చోటు ఉన్న పెద్ద బ్లాకు మొత్తాన్నీ ముందుగా చెరపాలి. ఎస్‌ఎస్‌డీ (ఫ్లాష్ మెమరీతోనే చేసిన వేగమైన డిస్కు)లోని కంట్రోలర్, అంటే మెమరీని నడిపే చిప్పు, ఈ చిన్న రాతలను ఖాళీ బ్లాకులకు మళ్లిస్తూ, అరుగుదలను అన్ని బ్లాకులకూ పంచుతూ నెట్టుకొస్తుంది. చవక పెన్‌డ్రైవ్‌లోని కంట్రోలర్‌కు అంత సామర్థ్యం ఉండదు కనుకనే, చిన్న ముక్కలు రాయడంలో సెకనుకు 1 ఎంబీ కూడా దాటని పెన్‌డ్రైవ్‌లు బజారులో కొల్లలుగా ఉన్నాయి. అలాంటి దాని మీద అప్‌డేట్లు మొదలైతే తెర బిగుసుకుపోతుంది. డ్రైవ్ కూడా త్వరగా అరిగిపోతుంది. చిన్న ముక్కలు రాసే వేగాన్ని మాత్రం కంపెనీలు సాధారణంగా అట్ట మీద వేయవు.

అందువల్ల లోపల ఎస్‌ఎస్‌డీ తరహా కంట్రోలర్ ఉన్నదే కొనండి. శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో సాలిడ్ స్టేట్ రకం, ట్రాన్సెండ్ ఈఎస్‌డీ310 ఈ కోవకు చెందినవి. నన్నడిగితే, 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేసులో పెట్టుకోవడం ఇంకా మేలు. తీగతో వేలాడుతూ చూడటానికి అంత బాగుండదు కానీ, నమ్మకంగా పనిచేస్తుంది. ల్యాప్‌టాప్ మరీ పాతదై యూఎస్‌బీ 2.0 పోర్టు మాత్రమే ఉంటే సెకనుకు 35, 40 ఎంబీకి మించి అందదు. అయినా చిన్న రాతల్లో ఎస్‌ఎస్‌డీయే ముందుంటుంది కనుక తేడా మీకు కనిపిస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్‌ను ప్రారంభించే కొత్త తరం బయోస్) ఉన్న యంత్రాల్లో ఇన్‌స్టాలర్ తన బూట్‌లోడర్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌ను) లోపలి డిస్కులో, విండోస్ బూట్ ఫైళ్లున్న విభాగంలోనే పెట్టే అవకాశం ఉంది. అప్పుడు మీ డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే బూట్ కాకపోవచ్చు. బయోస్‌లో వీలుంటే లోపలి డిస్కును ఆపేసి, లేదంటే ఊడదీసి, ఇన్‌స్టాల్ చేయడం అన్నిటికన్నా క్షేమం. డెబియన్ ఇన్‌స్టాలర్‌ను ఎక్స్‌పర్ట్ విధానంలో నడిపితే, గ్రబ్ అనే ఆ బూట్‌లోడర్‌ను రిమూవబుల్ మీడియా మార్గంలో (బయటి డ్రైవ్‌లో కంప్యూటర్లు వెతికే చోట) కూడా పెట్టమంటారా అని అడుగుతుంది, అవుననండి.

లినక్స్‌కు బదులు ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ప్రయత్నించాలనుకున్నా డ్రైవ్ ఎంపిక ఇంతే. ఇన్‌స్టాల్ చేయడానికి డౌన్‌లోడ్‌లలో ‘మెమ్‌స్టిక్’ అని పేరున్న, పెన్‌డ్రైవ్ కోసం చేసిన ఫైలు తీసుకోండి.

ఇంత చెప్పాక కూడా మామూలు పెన్‌డ్రైవే కొనక తప్పదనుకుంటే, స్వాప్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటును) డ్రైవ్ మీద పెట్టకుండా, డేటాను కుదించి ర్యామ్‌లోనే ఉంచే జెడ్‌ర్యామ్ వాడండి, ఫైల్ సిస్టమ్‌ను ‘నోఎటైమ్’ ఆప్షన్‌తో (ఫైలు చదివిన సమయాన్ని ప్రతిసారీ రాయకుండా) మౌంట్ చేయండి. రాతలు కొంత తగ్గుతాయి. 64 జీబీ అని చెప్పి అందులో సగం కూడా లేని నకిలీలు అమ్ముడవుతున్నాయి కనుక, డెబియన్‌లో దొరికే ఎఫ్3 ప్రోగ్రామ్‌తో, విండోస్‌లోనైతే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో, డ్రైవ్ మొత్తాన్నీ నింపి చదివించి చూశాకే అందులో ఇన్‌స్టాల్ చేయండి. దుకాణంలో వాపసు తీసుకునే గడువు ముగిసేలోగా ఈ పరీక్ష పూర్తి చేయండి.